ఒకే ప్రొటీను, రెండు గోడలు: కులం మన నెత్తుట్లో ఏం రాసింది?



ఈ మధ్య మా డిగ్రీ పిల్లలు ఒక ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. "సార్, కులం డీఎన్ఏలోనే ఉందంట గదా?" అని. వాళ్ల ఫోన్లకు రెండు రకాల మెసేజిలు వస్తున్నాయి. ఒకటి, 'మా కులం రక్తం వేల ఏళ్లుగా స్వచ్ఛం, సైన్సు కూడా ఒప్పుకుంది' అంటుంది. రెండోది, 'కులం అసలు లేనే లేదు, బ్రిటిష్ వాడు జనాభా లెక్కలేసి పుట్టించాడు' అంటుంది. తమాషా ఏమిటంటే ఈ రెంటినీ ఒకే మనిషి ఒకే రోజు ఫార్వర్డ్ చేస్తాడు.

రెండూ తప్పే. ఎందుకు తప్పో చెప్పడానికి ఈ వారం ఒకే ఒక్క జన్యువు చరిత్ర తీసుకుంటాను. దాని పేరు బీసీహెచ్ఈ. అది తయారుచేసే ప్రొటీను పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్. పేరు నోరు తిరగదు గానీ మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా మన పశ్చిమ ప్రకాశంలో ప్రతి ఊరికీ ఈ ప్రొటీనుతో సంబంధం ఉంది. పెద్దబజారుకు ఒక రకంగా, మాలపల్లెకు, మాదిగపల్లెకు ఇంకో రకంగా.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. జన్యుశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ జన్యువు కూడా ఒక రాత. తరం నుంచి తరానికి నకలు తీసుకుంటూ వచ్చిన రాత. నకళ్లనూ, నకళ్లలోని తప్పులనూ చదవడం మాకు తెలిసిన పనే. కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

1. ఏమిటీ ప్రొటీను?

మన శరీరంలో 23 జతల క్రోమోజోములుంటాయి. బీసీహెచ్ఈ మూడో క్రోమోజోము మీద ఉంటుంది. అందరికీ రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ జన్యువు చెప్పినట్టు కాలేయం 602 అమైనో ఆమ్లాలను గొలుసుగా అల్లుతుంది. అందులో మొదటి 28 దారి చూపించే చీటీ లాంటివి, పని అయిపోగానే తెగిపోతాయి. మిగిలిన 574తో గొలుసు పూర్తవుతుంది. అలాంటి నాలుగు గొలుసులు కలిసి ఒక ముద్దగా మారి రక్తంలో తిరుగుతుంటాయి.

దీనికో అన్న ఉన్నాడు, అసిటైల్‌కోలినెస్టరేజ్. నరం కండరాన్ని 'కదులు' అని చెప్పడానికి అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. పని అయ్యాక దాన్ని వెంటనే ముక్కలు చేసి ఊడ్చేయాలి. లేకపోతే కండరం బిగుసుకుపోతుంది, తర్వాత చచ్చుబడుతుంది. ఆ ఊడ్చే పని నరాల దగ్గర అన్నది. తమ్ముడైన మన ప్రొటీను రక్తంలో తిరుగుతూ అదే జాతి రసాయనాలు ఎక్కడ కనబడితే అక్కడ విరగ్గొడుతుంది.

విచిత్రం ఏమిటంటే, ఈ తమ్ముడు పూర్తిగా లేకుండా పుట్టినవాళ్లు కూడా మామూలుగానే ఉంటారు. తింటారు, చదువుతారు, వ్యాపారం చేస్తారు, వయసు మీద పడేదాకా బతుకుతారు. లోపం ఉన్నట్టు వాళ్లకే తెలియదు. అది బయటపడేది ఒకటి రెండు చోట్ల మాత్రమే. మొదటిది ఆపరేషన్ బల్ల.

2. లేవని రోగులు

1950ల మొదట్లో యూరప్‌లో సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడకంలోకి వచ్చింది. మన ఆసుపత్రుల్లో 'స్కోలిన్' అంటారు. మత్తు డాక్టరు రోగి గొంతులోకి గొట్టం వేయడానికి ముందు ఇచ్చే సూది ఇది. ఒక నిమిషంలో ఒళ్లంతా సడలిపోతుంది, ఊపిరి ఆగుతుంది, గొట్టం సులువుగా దిగుతుంది. అయిదు, పది నిమిషాల్లో మందు పని అయిపోయి ఊపిరి తిరిగి వస్తుంది. అంత తొందరగా ఆ మందును విరగ్గొట్టేది ఎవరు? మన తమ్ముడే.

కొందరు రోగులకు పది నిమిషాలు గడిచినా ఊపిరి రాలేదు. గంటలు గడిచినా రాలేదు. యంత్రం మీద ఊపిరి ఆడిస్తూ కాపలా కాస్తే మెల్లగా కోలుకునేవారు. కాపలా లేనిచోట ప్రాణం పోయేది. కెనడాలోని టొరంటోలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త 1956, 1957ల్లో ఇది వంశపారంపర్యమని చూపించాడు. వాళ్ల రక్తంలో ఈ ప్రొటీను తేడాగా ఉందని రక్తపరీక్షతో పట్టుకునే పద్ధతి కూడా కనిపెట్టాడు. మనిషి జన్యువుకూ మందుకూ ఉండే సంబంధాన్ని చదివే ఫార్మకోజెనెటిక్స్ అనే శాస్త్రానికి ఇది తొలి పాఠాల్లో ఒకటి.

లోపం రావాలంటే రెండు ప్రతులూ చెడి ఉండాలి. ఒక్క ప్రతే చెడితే మనిషి వాహకుడు మాత్రమే, సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. కులం ఇక్కడే లోపలికొస్తుంది.

3. వైశ్యుల దగ్గర ఆగిన లెక్క

1979లో 'హ్యూమన్ జెనెటిక్స్' అనే పత్రికలో రావు, గోపాలం అనే ఇద్దరు పరిశోధకుల వ్యాసం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో ఈ ప్రొటీనును అసలు తయారు చేయని 'మూగ' ప్రతి చాలా ఎక్కువగా ఉందని వాళ్లు గుర్తించారు. తర్వాత కోయంబత్తూరు వైపు పరిశోధకులు, అమెరికాలో ఈ ప్రొటీను మీదే పనిచేసిన ఒక్సానా లాక్రిడ్జ్ వంటివారు కలిసి 2006లో ఆ తప్పు ఎక్కడుందో చూపించారు. గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలీన్ ఉంది. రాతలో మారింది ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరంతో గొలుసు సరిగ్గా మడత పడక ప్రొటీను పనికి రాకుండా పోతోంది.

2017లో 'నేచర్ జెనెటిక్స్'లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. నాథన్ నకత్సుకా, డేవిడ్ రైక్, మన హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ తదితరులు రాశారు. 260కి పైగా సమూహాల నుంచి 2,800 మందికి పైగా జన్యు సమాచారం చూశారు. ఈ లోపం వైశ్యులలో ఇతరులకంటే సుమారు 100 రెట్లు ఎక్కువని అందులో ప్రస్తావించారు. రోగి వైశ్యుడైతే ఈ రకం మందు ఇచ్చేముందు జాగ్రత్తపడాలన్నది వైద్యులకు తెలిసిన సంగతే అని కూడా రాశారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ఏ కులాన్నీ ఎగతాళి చేసే వ్యాసం కాదు. లోపం ఉన్నవాళ్లు చేసిన తప్పేమీ లేదు. అదే అధ్యయనంలో ఇలాంటి మూసుకుపోయిన చరిత్ర ఉన్న సమూహాలు 81 తేలాయి. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటుతుంది. జన్యురోగాలకు ప్రపంచమంతా ఉదాహరణగా చూపించే అష్కెనాజీ యూదుల కంటే, ఫిన్లాండ్ ప్రజల కంటే వీళ్ల చరిత్ర ఇంకా ఇరుకైనది. వైశ్యుల సంగతి ముందు తెలిసింది, అంతే. తెలియాల్సినవి ఇంకా ఎన్నో ఉన్నాయి.

4. తాళపత్రం లెక్క

ఇక్కడ నా సబ్జెక్టు వస్తుంది. పాత కావ్యాన్ని పరిష్కరించేవాళ్లు పది తాళపత్ర ప్రతులు ముందేసుకుంటారు. ఏ ప్రతి దేన్ని చూసి రాసిందో ఎలా కనిపెడతారు? సరైన పాఠం వల్ల కాదు. సరిగ్గా రాసినవన్నీ ఒకేలా ఉంటాయి. తప్పుల వల్ల కనిపెడతారు. ఆరు ప్రతుల్లో ఒకే పద్యంలో ఒకే చోట ఒకే లేఖక దోషం ఉంటే, ఆ ఆరూ ఒకే మాతృక నుంచి పుట్టాయని అర్థం.

జన్యువులోనూ అంతే. లక్షలమంది మనుషులు, ఒకే స్థానంలో ఒకే అక్షరం తప్పు. అంటే ఎప్పుడో ఒక చిన్న గుంపు ఉంది. ఆ గుంపులో ఎవరో ఒకరి దగ్గర ఈ తప్పు ఉంది. గుంపు పెరిగింది, లక్షలయింది. కానీ బయటి ప్రతులతో కలవలేదు. కలిసి ఉంటే ఆ తప్పు పలచబడి, వెతికినా దొరకనంత అరుదై ఉండేది.

ఎప్పటి గుంపు అది? 2009లో రైక్, తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు 'నేచర్'లో 25 సమూహాలకు చెందిన 132 మంది మీద రాసిన వ్యాసంలో లెక్క కట్టారు. ఆంధ్ర వైశ్యుల విషయంలో 100 తరాలకు పైగానే అన్నారు. తరానికి పాతికేళ్లు వేసుకున్నా రెండున్నర వేల ఏళ్లు. అప్పటి నుంచి బయటి నుంచి వచ్చి కలిసిన జన్యువులు సగటున తరానికి ముప్పయ్యింట ఒక వంతు కంటే తక్కువే ఉండాలి, లేకపోతే ఆ పాత గుర్తు ఈపాటికి చెరిగిపోయేది అని చెప్పారు.

ఆలోచించండి. రాజ్యాలు పోయాయి. శాతవాహనులు, కాకతీయులు, విజయనగరం, గోల్కొండ, కుంఫిణీ అందరూ వచ్చి వెళ్లారు. 1970లో మన మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిశాయి. పటం మీద గీతలు ఎన్నిసార్లు మారాయో! పెళ్లి గీత మాత్రం మారలేదు.

5. అగ్నిగుండం కథ ఎందుకు పుట్టింది?

వైశ్యులు కొలిచే వాసవీ కన్యకా పరమేశ్వరి కథ మీకు తెలుసు. పెనుగొండలో ఒక వైశ్య పెద్ద కూతురిని రాజు పెళ్లాడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. 102 గోత్రాల దంపతులతో కలిసి అగ్నిలో దూకింది. గురజాడ 'కన్యక' కూడా ఈ కథ మీద నడిచిందే. అధికారానికి తలవంచని ఆడపిల్ల కథగా నేను దాన్ని గౌరవిస్తాను.

కానీ సాహిత్య చరిత్ర చదివేవాడిగా ఇంకో సంగతీ చూస్తాను. ఒక కులం తనను తాను గుర్తుపెట్టుకునే మూలకథ, బయటి పెళ్లిని నిరాకరించిన కథ. కథలోని రాజు మధ్యయుగాల వాడు. జన్యువు చెప్పే గోడ అంతకంటే ఎన్నో వందల ఏళ్లు పాతది. అంటే కథ గోడను కట్టలేదు. అప్పటికే ఉన్న గోడకు కథ కాపలా కాసింది.

ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాల పుస్తకంలో కోమట్లలో మేనరికం ఎంత కఠినంగా పాటించేవారో రాశారు. అదే పుస్తకంలో ఇంకో చిత్రమైన సంగతి నమోదు చేశారు. కోమట్ల ఇంట పెళ్లయితే ముందు మాదిగలకు చాటుగా పిలుపు చెప్పే ఆచారం కొన్నిచోట్ల ఉండేదట. ఎవరూ చూడకుండా, ఎవరూ వినకుండా. వలస ప్రభుత్వ అధికారి విని రాసిన రాత, దాన్ని జాగ్రత్తగానే చదవాలి. కానీ ఆ చాటు పిలుపు వెనక ఏదో పాత సంబంధం ఉందని మాత్రం అనిపిస్తుంది. పిలుపు ఉంది, పెళ్లి లేదు. అదే కులం.

6. 1916లో బాబాసాహెబ్ చెప్పింది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్‌లో 25 ఏళ్ల అంబేడ్కర్ ఒక పత్రం చదివాడు. భారతదేశంలో కులాల పుట్టుక, నిర్మాణం గురించి. మరుసటి ఏడాది అది 'ఇండియన్ ఆంటిక్వరీ'లో అచ్చయింది.

అప్పటి పండితులు కులానికి పది లక్షణాలు చెప్పేవారు. మడి, మైల, వృత్తి, తిండి, పూజ. అంబేడ్కర్ వాటన్నిటినీ పక్కకు జరిపి ఒక్కదాన్నే పట్టుకున్నాడు. తన గుంపులోనే పెళ్లి. అది నిలబడితేనే కులం నిలబడుతుంది, అది పోతే కులానికి ఆధారమే లేదు అన్నాడు. ఆ నియమాన్ని కాపాడడానికే సతి, వితంతువుల మీద ఆంక్షలు, బాల్యవివాహాలు వచ్చాయని చూపించాడు. పైవాడు తలుపు మూసుకుంటే కిందివాడు చూసి అనుకరించాడనీ, కొందరు మూసుకున్నందువల్ల మిగిలినవాళ్లు బయట మిగిలిపోయారనీ వివరించాడు.

డీఎన్ఏ ఆకారం తెలిసింది 1953లో. అంతకు 37 ఏళ్ల ముందే, ఏ పరికరమూ లేకుండా, సమాజాన్ని చదివి ఆయన చెప్పిన మాట ఇది. 93 ఏళ్ల తర్వాత 2009లో సీసీఎంబీ ప్రయోగశాలలో రక్తం చెప్పింది కూడా అదే.

అందుకే, కులాన్ని బ్రిటిష్ వాడు పుట్టించాడనే వాదం ఇక్కడ నిలబడదు. జనాభా లెక్కలు కులాన్ని బిగించాయి, జాబితాలో ఎక్కించాయి, మెట్లు ఖరారు చేశాయి, నిజమే. కానీ రెండున్నర వేల ఏళ్ల పెళ్లి గోడను లండన్ నుంచి వచ్చినవాడు కట్టలేదు. వైశ్యుల ఉదాహరణ చూపించే రైక్ తన 2018 పుస్తకంలో ఈ మాట స్పష్టంగా అన్నాడు.

7. మరి 'స్వచ్ఛ రక్తం'?

మొదటి మెసేజి సంగతి చూద్దాం. 'మా రక్తం స్వచ్ఛం' అనేవాడికి ఇదే పరిశోధన ఏం చెప్పింది?

2009 వ్యాసం ప్రకారం మన దేశంలో దాదాపు అన్ని సమూహాలూ రెండు పాత జనాభాల మిశ్రమమే. ఉత్తరాది పూర్వీకుల వాటా చాలా సమూహాల్లో 39 నుంచి 71 శాతం మధ్య ఉంది. ఆ సమూహాల్లో సున్నా ఉన్నవాడూ లేడు, నూరు ఉన్నవాడూ లేడు. 2013లో ప్రియా మూర్జానీ తదితరులు ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం మధ్య జరిగిందని లెక్కగట్టారు. అంటే ముందు అందరూ కలిశారు. తర్వాత తలుపులు మూసుకున్నారు.

మన నల్లమల చెంచులనే తీసుకోండి. 2003లో కివిసిల్డ్ తదితరులు చెంచుల, కోయల జన్యువులను కులాల వారితో పోల్చి చూశారు. అందరికీ ఒకే పాత వారసత్వం ఉందనే తేల్చారు. దోర్నాల అడవిలో చెంచు అవ్వ, మార్కాపురం రథం వీధిలో ఇల్లున్న పెద్దాయన ముత్తవ్వ, ఎక్కడో వెనక్కి వెళ్తే ఒకే తల్లి బిడ్డలు కావచ్చు.

కాబట్టి జన్యువులో కులం లేదు. ఏ జన్యువు మీదా మాల అనో మాదిగ అనో కమ్మ అనో రెడ్డి అనో బ్రాహ్మణ అనో రాసిలేదు. తెలివికీ, హీనతకూ అక్కడ గుర్తు లేదు. అక్కడ ఉన్నది ఒక్కటే: ఎవరు ఎవరిని పెళ్లి చేసుకోనివ్వలేదో ఆ రికార్డు. కులం రక్తం నుంచి పుట్టలేదు. కులమే రక్తం మీద తన గుర్తు వేసింది. అదీ 'స్వచ్ఛత' గుర్తు కాదు, దిద్దుబాటుకు అవకాశం లేకుండా నకలు మీద నకలు తీసిన తప్పు గుర్తు. గోడ కట్టుకున్నవాడికే గోడ లోపల ఊపిరాడని పరిస్థితి తెచ్చింది.

కొందరు మిత్రులు 'మేనరికాలు మానేస్తే సరిపోతుంది కదా' అంటారు. మేనరికం మానడం మంచిదే. కానీ అది చాలదు. ఏ చుట్టరికమూ లేదనుకునే ఇద్దరు కూడా వంద తరాలుగా ఒకే గదిలో ఉన్న గుంపు వాళ్లయితే, చెడిన ప్రతి ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువే. సమస్య మేనమామ ఇల్లు కాదు, మూసిన కులం తలుపు.

8. ఆ తలుపు దగ్గర పడిన శవం

ఈ గోడను ఈనాటికీ ఎలా కాపాడుతున్నారో చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, ఆసుపత్రి బయట, గర్భంతో ఉన్న భార్య పక్కనే పెరుమాళ్ల ప్రణయ్‌ను నరికి చంపారు. ప్రణయ్ దళిత క్రైస్తవుడు. భార్య వైశ్య కుటుంబంలో పుట్టిన అమ్మాయి. చంపించింది ఆమె తండ్రే అని కేసు. ఆయన 2020 మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు హంతకుడికి ఉరిశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది.

ఒక తండ్రి నేరాన్ని ఒక కులం మొత్తానికి అంటగట్టను. మన రాష్ట్రాల్లో ఇలాంటి హత్యలు చేసినవాళ్లు చాలా కులాల్లో ఉన్నారు. కానీ రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను. వంద తరాల మూసివేత వల్ల పిల్లలకు దక్కింది ఆపరేషన్ బల్ల మీద ఆగే ఊపిరి. ఆ మూసివేతను దాటి వచ్చిన కుర్రాడికి దక్కింది ఆసుపత్రి గుమ్మం ముందు ఆగిన ఊపిరి. బయటి నుంచి వచ్చే అల్లుడు కులానికి మైల కాదు. ఆ రక్తానికి వైద్యుడు.

9. ఇప్పుడు మన చేలకు రండి

ఈ ప్రొటీను బయటపడే రెండో చోటు మన పత్తిచేను, మిరపతోట, కందిచేను.

1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగుమందుల కోసం వెతుకుతూ టబూన్ అనే విషవాయువును కనిపెట్టాడు. రెండేళ్లకు సారిన్ వచ్చింది. సైన్యాలు దాచుకున్న ఆ విషాల చుట్టాలే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు: మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్. మన ఊళ్లలో ఈ డబ్బాల పేర్లు తెలియని ఇల్లు లేదు.

ఈ విషం పురుగునైనా, మనిషినైనా చంపేది ఒకే రకంగా. ఊడ్చే పని చేసే ఆ అన్నదమ్ములిద్దరినీ కట్టిపడేస్తుంది. నరాల దగ్గర అన్న చేతులు కట్టేయగానే నోటి నుంచి చొంగ, చెమటలు, కంటిపాప సూది మొనంత అవడం, కండరాలు అదరడం, చివరికి ఊపిరి ఆగడం. రక్తంలో తిరిగే తమ్ముడు మాత్రం ముందుకొచ్చి విషాన్ని తన ఒంటికి అంటించుకుంటాడు. ఒక అణువు ఒక విషపు అణువును పట్టుకుని తాను పనికిరాకుండా పోతుంది. అన్నను కాపాడడానికి తమ్ముడు బలవుతాడు. ఈ గుణం చూసే అమెరికా సైన్యం ఈ ప్రొటీనును విషవాయువుకు విరుగుడుగా వాడాలని ఏళ్ల తరబడి పరిశోధనలు చేయించింది.

మందు తాగిన మనిషిని ఒంగోలుకో, గుంటూరుకో, కర్నూలుకో తీసుకెళ్తే రక్తం తీసి చేసే 'కోలినెస్టరేజ్' పరీక్ష చాలాసార్లు ఈ తమ్ముణ్ణి లెక్కపెట్టడమే. అప్పులకు మందు తాగిన రైతు రిపోర్టులోనూ, ఎండలో మందు కొడుతూ పడిపోయిన కూలీ రిపోర్టులోనూ కనిపించే అంకె అదే.

ఆ పంపు వీపున మోసేది ఎవరు? మీ ఊళ్లో మీరే చూడండి. నేను చూసిన ఊళ్లలో ఎక్కువమంది మన మాల, మాదిగ కూలీలు, బీసీ కూలీలు, కౌలు రైతులు. చేతికి తొడుగు లేదు, ముక్కుకు తువ్వాలు తప్ప ఏమీ లేదు. డ్రమ్ములో మందు కలిపి నీళ్లు అందించేది ఇంటి ఆడమనిషి. చచ్చేంత విషం ఎక్కకపోయినా, రోజూ కొంచెం కొంచెం ఎక్కి ఈ ప్రొటీను తగ్గుతుంది. పని మానితే కొన్ని వారాల్లో కాలేయం మళ్లీ తయారు చేసుకుంటుంది. కానీ సీజన్లో పని మానేది ఎవరు?

కాలిఫోర్నియాలో 1974 నుంచే ఇలాంటి మందులు కలిపే, కొట్టే కూలీలకు ఈ పరీక్ష క్రమం తప్పకుండా చేయాలన్న నిబంధన ఉంది. మన దేశంలో లేదనుకుంటున్నారా? ఉంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల్లో 37వ నియమం చదవండి. ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ మందులతో పనిచేసేవారి రక్తంలో కోలినెస్టరేజ్ స్థాయిని నెలనెలా కొలవాలని ఉంది. నేను మాట్లాడిన మందు కూలీల్లో ఒక్కరికి కూడా ఆ పేరుతో ఒక్కసారి రక్తం తీయలేదు. చట్టం యజమాని దగ్గర ఉద్యోగంలో ఉన్నవాణ్ణి ఊహించుకుంది. రోజుకొక చేనుకు పోయే కూలీకి యజమాని ఎవరు?

ఇప్పుడు రెండు గోడలూ కనబడుతున్నాయా? ఒకే ప్రొటీను. కొందరికి పుట్టుకతోనే లేకుండా పోయింది, ఎందుకంటే కులం పెళ్లికి గోడ కట్టింది. కొందరికి పుట్టుకతో ఉన్నా పనిలో కరిగిపోతోంది, ఎందుకంటే కులం పనికి గోడ కట్టింది. కులం పనులను మాత్రమే పంచలేదు, పనిచేసే మనుషుల్నీ విడగొట్టి ఒకరి మీద ఒకర్ని పేర్చింది అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో వివరించాడు. ఆ పుస్తకంలో ఆయన చెప్పిన అసలు మందు కులాంతర వివాహం.

10. మనం ఏం చేద్దాం?

ఒకటి. వైశ్య మిత్రులకు, ముఖ్యంగా విద్యార్థులకు చెప్పండి. ఆపరేషన్ అంటే మత్తు డాక్టరుకు ముందే కులం సంగతి, కుటుంబంలో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యమైన సంగతి చెప్పమనండి. మామూలు రక్తపరీక్షతో తేలిపోతుంది. వేరే మందులున్నాయి. ఇది భయపడాల్సిన జబ్బు కాదు, దాచుకోవాల్సినదీ కాదు. వాళ్ల ప్రాణం మనకు ముఖ్యం. కులాన్ని వ్యతిరేకించడం అంటే ఆ కులంలో పుట్టినవాణ్ణి ద్వేషించడం కాదు.

రెండు. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 37వ నియమాన్ని తెలుగులోకి మార్చి ప్రతి పల్లెలో చదవండి. మందు కొట్టే సీజన్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూలీలకు కోలినెస్టరేజ్ పరీక్ష చేయాలని అర్జీలు పెట్టండి. రిపోర్టులు పోగుచేయండి. అంకె చేతిలో ఉంటే అధికారి ముందు మాట బరువుగా పడుతుంది.

మూడు. ఇది మనకు మనం చెప్పుకోవాల్సింది. మన పల్లెల్లో మేనరికాలు లేవా? మాల ఇంటి పిల్ల మాదిగ ఇంటికి కోడలుగా వెళ్తే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగదు? వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్లకుండొచ్చు. వాటా గురించి కొట్లాడుకుందాం, అది హక్కు. కానీ పెళ్లి తలుపు మూసుకోవడం హక్కు కాదు, అది బ్రాహ్మణ్యం మనకు అంటించిన అనుకరణ. పైవాడి గోడను చూసి కిందివాడు కట్టుకున్న గోడ. 1916లో ఆయన వర్ణించింది మనల్ని కూడా.

వంద తరాల నకలులో పడిన తప్పును దిద్దడానికి పెద్ద ప్రయోగశాలలేమీ అక్కర్లేదు. గోడకు అటువైపు మాతృక నుంచి ఒక్క ప్రతి వచ్చి కలిస్తే, ఆ ఇంట పుట్టే బిడ్డ దగ్గర సరైన అక్షరం ఒకటి ఉంటుంది. ఆ ఒక్క అక్షరం చాలు, ఊపిరి ఆడుతుంది.

వచ్చే భాగంలో మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల గురించి రాస్తాను. మీ ఇళ్లలో పలకల పని చేసినవాళ్లుంటే, వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి.

జై భీమ్!